బేస్‌బాల్ ఆడితే నిజంగా కోటీశ్వరులవుతారా?

ప్రశ్న: మేము టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా అబ్బాయి పదకొండో తరగతి, స్కూల్ బేస్‌బాల్ జట్టులో పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు. హైస్కూల్ అవ్వగానే డ్రాఫ్ట్‌లో, అంటే మేజర్ లీగ్ జట్లు ఏటా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట, ఎవరో ఒకరు తీసుకుంటారని వాళ్ల కోచ్ అంటున్నారు. వాడి కాలేజీ కోసం 529 ప్లాన్‌లో దాచిన డబ్బులో కొంత తీసి ట్రైనింగ్‌కి, టోర్నమెంట్లకి పెడదామని మావారి ఆలోచన. 'ఒక్కసారి మేజర్ లీగ్‌లో అడుగుపెడితే చాలు, ఇక జీవితమంతా చూసుకోనక్కర్లేదు' అంటున్నారు. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. ఈ ఆటలో అంత డబ్బు నిజంగా ఉందా?

జవాబు: 529 డబ్బు ముట్టుకోకండమ్మా. అబ్బాయి ఆట మాత్రం ఆపకండి. ముందు మీవారి మాట ఎంతవరకు నిజమో లెక్క వేసి చూద్దాం.

ఆయన మనసులో ఉన్నవి బహుశా వార్తల్లో వచ్చే అంకెలు. షోహెయ్ ఓతాని అనే ఆటగాడికి డాడ్జర్స్ జట్టు పదేళ్లకు 70 కోట్ల డాలర్లు, హువాన్ సోటోకి మెట్స్ జట్టు పదిహేనేళ్లకు 76.5 కోట్ల డాలర్లు. ఇవి నిజమే. కానీ మేజర్ లీగ్‌లో ఉన్నవి 30 జట్లు. జట్టుకు 26 మంది చొప్పున మొత్తం 780 చోట్లు. ఏటా డ్రాఫ్ట్‌లో 20 రౌండ్లలో 600 మందికి పైగా ఎంపికవుతారు. డొమినికన్ రిపబ్లిక్, వెనిజులా వంటి దేశాల నుంచి డ్రాఫ్ట్‌తో పని లేకుండా వచ్చే కుర్రాళ్లు వీళ్లకు అదనం. ఉన్న 780 మందీ ఒక్క ఏడాదిలో ఖాళీ చేసి వెళ్లిపోరు కదా.

మిగతావాళ్లు ఎక్కడ ఆడతారో చూడటానికి మీరు దూరం వెళ్లక్కర్లేదు. మీ ఊళ్లోని రఫ్‌రైడర్స్, టెక్సాస్ రేంజర్స్‌కి డబుల్-ఎ జట్టు, అంటే మేజర్ లీగ్‌కి రెండు మెట్లు కింద ఉండే మైనర్ లీగ్ జట్టు. మైనర్ లీగ్ ఆటగాళ్లకు 2023లో మొదటిసారి యూనియన్ ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం ఆ ఏడాది డబుల్-ఎ ఆటగాడి కనీస జీతం 30,250 డాలర్లు అయింది. అంతకుముందు 13,800 ఉండేది. ఇంకో మెట్టు పైనున్న ట్రిపుల్-ఎలో 35,800 అయింది. ఉండటానికి చోటు జట్టే చూపిస్తుంది, అది కాస్త ఊరట. అయినా డాలస్‌లో కొత్తగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిన పిల్లల జీతం దీనికన్నా ఎక్కువే. ఇలా నాలుగేళ్లు, అయిదేళ్లు ఆడి ఇరవై ఆరో ఏట ఇంటికి వచ్చేసేవాళ్లే ఎక్కువమంది. వాళ్లు చూసే పెద్ద మొత్తం సంతకం చేసిన రోజు వచ్చే బోనస్ ఒక్కటే.

సరే, మీ అబ్బాయి మేజర్ లీగ్ దాకా వెళ్లాడనే అనుకుందాం. 2025లో అక్కడ కనీస జీతం 7,60,000 డాలర్లు. పెళ్లికాని కుర్రాడికి ఫెడరల్ ఆదాయపు పన్ను సుమారు 2.3 లక్షలు, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలిపి ఇంకో 27 వేలు పోతాయి. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేకపోయినా కాలిఫోర్నియా, న్యూయార్క్ లాంటి చోట్ల ఆడిన రోజులకు ఆ రాష్ట్రాలు తమ వాటా తీసుకుంటాయి. చేతికొచ్చేది ఇంచుమించు 5 లక్షలు. అదీ సీజన్ మొత్తం జట్టులో ఉంటేనే. జీతం రోజుల లెక్కన వస్తుంది, రోజుకు నాలుగు వేలకు కొంచెం పైన. ఇరవై రోజులు పిలిచి మళ్లీ కిందికి పంపేస్తే ఆ ఏడాది మేజర్ లీగ్ సంపాదన 80 వేల చిల్లర, పన్నుకు ముందు.

అసలు డబ్బు రావాలంటే ఆగాలి. జట్టులో 172 రోజులు ఉంటే ఒక ఏడాది సర్వీసు. మామూలుగా మూడేళ్ల సర్వీసు అయ్యాకే జీతం గురించి గట్టిగా అడిగే అవకాశం వస్తుంది. తనకు నచ్చిన జట్టుతో బేరమాడుకోవడానికి ఆరేళ్లు నిండాలి. కోట్లు పుట్టేది అక్కడే. అంతదాకా నిలబడేవాళ్లు కొద్దిమంది.

మీవారికి ఈ ఒక్క లెక్క చూపించండి. రెండు పూర్తి సీజన్లు ఆడి, ఖర్చులు పోగా 28 ఏళ్ల వయసులో 7 లక్షల డాలర్లు మిగిలాయనుకోండి. ఇక పని మానేసి దాని మీదే బతుకుతానంటే, అసలు కరిగిపోకుండా ఏడాదికి 4 శాతం, అంటే 28 వేలు తీసుకోవచ్చు. అమెరికాలో ఒక కుటుంబం గడవడానికి అది చాలదు. అదే కుర్రాడు వేరే ఉద్యోగం చేసుకుంటూ ఆ 7 లక్షలూ కదపకుండా ఇండెక్స్ ఫండ్‌లో ఉంచాడనుకోండి. ధరల పెరుగుదల పోను ఏటా 5 శాతం పెరిగినా అరవై ఏళ్లకు ఈనాటి విలువలో 33 లక్షలవుతుంది. డబ్బు అంతే, ఆడిన ఆటా అంతే. ముప్పై నిండకముందే జీతం ఆగిపోతుందని తెలిసి నడుచుకున్నాడా లేదా అన్నదే తేడా. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న మాట ఈ ఉద్యోగానికి సరిపోయినంతగా వేరే దేనికీ సరిపోదని నా నమ్మకం.

పెద్ద జీతాలు వచ్చినవాళ్ల కథలూ ఇంతే. జాక్ క్లార్క్ 1992లో, ఇంకా రెడ్ సాక్స్‌కి ఆడుతుండగానే దివాలా పిటిషన్ వేశాడు. అప్పటికి అతని దగ్గర 18 కార్లు, వాటిలో 17 కార్ల మీద ఇంకా బాకీ ఉంది. బాబీ బొనియాది ఇంకో దారి. 2000లో మెట్స్ అతనికి 59 లక్షల డాలర్లు ఇవ్వాల్సి ఉంటే, అప్పుడే తీసుకోకుండా 8 శాతం వడ్డీతో వాయిదా వేయించుకున్నాడు. 2011 నుంచి 2035 దాకా ప్రతి జులై 1న అతనికి 11,93,248 డాలర్లు వస్తాయి. బొనియా ఆడటం మానేసి రెండు దశాబ్దాలు దాటింది.

మీ అబ్బాయి పిచ్చర్ కాబట్టి కుమార్ రాకర్ అనే పిచ్చర్ సంగతి కూడా చెప్పాలి. అతని తల్లి భారతీయ సంతతి. 2018లో హైస్కూల్ అయ్యాక అతను వాండర్‌బిల్ట్ యూనివర్సిటీకి వెళ్లాడు. 2021లో మెట్స్ పదో ఎంపికగా తీసుకుంది. 60 లక్షల డాలర్లకు మాట కుదిరిందని వార్తలొచ్చాయి. వైద్య పరీక్షల తర్వాత మెట్స్ వెనక్కి తగ్గింది, సంతకం జరగలేదు. మరుసటి ఏడాది రేంజర్స్ మూడో ఎంపికగా తీసుకుని 52 లక్షలు ఇచ్చింది. 2023లో మోచేతికి సర్జరీ. 2024లో కోలుకుంటూ మీ ఫ్రిస్కో మైదానంలోనూ బంతి వేసి, ఆ సెప్టెంబరులో మేజర్ లీగ్‌లో అడుగుపెట్టాడు. అంత ప్రతిభ ఉన్నవాడికే హైస్కూల్ నుంచి ఆరేళ్లు పట్టింది, మధ్యలో ఒక ఒప్పందం చేతిదాకా వచ్చి పోయింది.

ఇక 529. ట్రైనింగ్, టోర్నమెంట్ల ఖర్చు అందులో చెల్లదు. తీస్తే పెరిగిన భాగం మీద ఆదాయపు పన్ను, పైన 10 శాతం జరిమానా. కాలేజీ స్కాలర్‌షిప్ వస్తుందిలే అని కూడా ధీమాగా ఉండొద్దు. మొన్నమొన్నటి దాకా పెద్ద కాలేజీల్లో ఒక జట్టు మొత్తానికి కలిపి 11.7 స్కాలర్‌షిప్‌లే, వాటినే అందరికీ పంచేవారు. 2025 నుంచి ఆ పరిమితి తీసేశారు. కాలేజీ క్రీడల మీద కోర్టులో కుదిరిన కొత్త ఒప్పందంలో చేరిన కాలేజీలు జట్టులోని 34 మందికీ పూర్తిగా ఇవ్వొచ్చు, కానీ ఇచ్చి తీరాలని లేదు. ఒకవేళ అబ్బాయి నేరుగా ఆటలోకి వెళ్లినా 529 వృథా కాదు. తర్వాత చదువుకోవచ్చు, తోబుట్టువు ఉంటే వాళ్ల పేరుకు మార్చొచ్చు. ఖాతాకు 15 ఏళ్లు నిండితే అతని రాత్ ఐఆర్ఏ అనే రిటైర్మెంట్ ఖాతాకి జీవితకాలంలో 35,000 డాలర్ల వరకు మళ్లించొచ్చు. ట్రైనింగ్‌కి నెలకు ఇంత అని మీ జీతాల్లోంచే, మీ రిటైర్మెంట్ ఖాతా 401కెకి వేసేది వేశాక, పక్కన పెట్టండి. ఆ హద్దు దాటకండి.

డ్రాఫ్ట్ నుంచి ఫోన్ వస్తే ఏం చేయాలి? బోనస్ లక్షన్నర డాలర్లయితే పన్నులు పోగా మిగిలేది సుమారు 1.1 లక్షలు. టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీలో నాలుగేళ్ల చదువు, హాస్టల్ ఖర్చు కూడా ఇంచుమించు అంతే. ఆ మొత్తానికైతే నేను కాలేజీకే ఓటేస్తాను, మూడేళ్ల తర్వాత మళ్లీ డ్రాఫ్ట్ ఉంటుంది. చాలా ఎక్కువ ఇస్తామంటే వెళ్లనివ్వండి, కానీ సంతకానికి ముందే, ఆటగాళ్ల చదువుకు జట్టు డబ్బిచ్చే కాలేజీ స్కాలర్‌షిప్ ప్లాన్ కింద ఎన్ని సెమిస్టర్లకు, సెమిస్టర్‌కి ఎంత ఇస్తారో ఒప్పందంలో రాయించుకోండి. ఆట ఆపిన రెండేళ్లలోపు చదువు మొదలుపెట్టకపోతే ఆ హక్కు పోతుంది. ఆ గడువు అబ్బాయికి ఇప్పుడే చెప్పి ఉంచండి.