మనుషులు లేని బార్జిని తీరం వెంట లాగే ముందు ఏమేం చూసుకోవాలి?

మీరు టగ్గులో (ఇతర నౌకలను లాగే పడవ) మేటుగా (కెప్టెన్ కింది అధికారి) చేరి మూడు నెలలే అయిందని, వచ్చే వారం మనుషులెవరూ లేని బార్జిని (సరుకు మోసే చదునైన పడవ) రెండు రోజుల పాటు తీరం వెంబడి లాగాలని రాశారు. బార్జిని తనిఖీ చేసే సర్వేయర్ ధ్రువపత్రం ఇచ్చాక మీరు విడిగా చూడాల్సింది ఏమైనా ఉంటుందా అని అడిగారు. చాలా ఉంటుంది. సర్వేకూ బయలుదేరడానికీ మధ్య గంటలు గడిచినా, రోజులు గడిచినా, ఆ వ్యవధిలో బార్జి మీద ఎవరెవరో తిరుగుతారు.

నేను టగ్గుల్లో పని మొదలుపెట్టిన రెండో ఏడాది రాళ్ల లోడుతో ఉన్న బార్జిని లాగాం. సర్వే అయిన తర్వాత ఎవరో ట్యాంకు చూడటానికి వెనుక ఎడమవైపు మ్యాన్‌హోల్ (ట్యాంకులోకి దిగే రంధ్రం) మూత తెరిచారు. తిరిగి మూసేటప్పుడు రబ్బరు గ్యాస్కెట్ మడతపడింది, బోల్టులు సగమే బిగించారు. రెండో రాత్రి కెరటాలు డెక్కు మీదుగా పారాయి. తెల్లవారేసరికి బార్జి ఎడమకు ఒరిగి, ఒక పక్కకే లాగుతూ వస్తోంది. వేగం తగ్గించి, గాలి చాటున్న తీరానికి చేర్చి చూస్తే ట్యాంకు సగానికి పైగా నిండి ఉంది. బయలుదేరే ముందు ఆ డెక్కంతా తిరిగి చూసింది నేనే. మూతలన్నీ మూసి ఉన్నట్టే కనిపించాయి. ఒక్కదాన్నీ చేత్తో కదిపి చూడలేదు. ఆ ఉదయం నాకు ఇప్పటికీ గుర్తుంది.

అందుకే ముందుగా మ్యాన్‌హోళ్ల సంగతి చెబుతున్నాను. బయలుదేరే రోజున స్పానర్ పట్టుకుని ప్రతి మూత దగ్గరికీ వెళ్లండి. ప్రతి ట్యాంకులో నీటి మట్టం కొలిచి, అంకె రాసిపెట్టుకోండి. ఖాళీ అని చెప్పిన ట్యాంకునూ కొలవండి. సగం నిండిన ట్యాంకు నిండు ట్యాంకు కన్నా ప్రమాదం, ఎందుకంటే బార్జి ఒరిగిన వైపే లోపలి నీరంతా చేరి ఇంకా ఒరిగేలా చేస్తుంది. ట్యాంకుల గాలిగొట్టాల మూతలు కూడా అప్పుడే చూడండి. బార్జి ముందు, వెనుక డ్రాఫ్టు అంకెలు (నీటిలో ఎంత లోతు మునిగిందో చూపేవి) చదవండి. వెనుక భాగం కొద్దిగా ఎక్కువ మునిగి ఉంటే బార్జి తిన్నగా వస్తుంది. ముక్కు దిగి ఉంటే మాత్రం ఇటూ అటూ ఊగిసలాడుతూ తాడును, టగ్గును అలిసిపోయేలా చేస్తుంది. అలా ఉంటే సరుకును సర్దమని పట్టుబట్టండి.

బ్రైడిల్ (లాగే తాడును బార్జి ముందు రెండు మూలలకు కలిపే గొలుసుల జత) రెండు కాళ్లూ సమాన పొడవు ఉండాలి. గొలుసులను కలిపే షాకిల్ కొక్కేల పిన్నులకు నట్టుతో పాటు స్ప్లిట్ పిన్ కూడా ఉండాలి. గొలుసు తగిలే అంచుల్లో పదును ఉండకూడదు. వీటిని మీ కెప్టెన్ కూడా చూస్తారు కాబట్టి వివరంగా రాయడం లేదు.

ఎక్కువ మంది తేలిగ్గా తీసుకునేది అత్యవసర తాడును. నడిరాత్రి ప్రధాన తాడు తెగితే, ఊగుతున్న బార్జి మీదికి మనిషిని దూకించలేం. అప్పుడు ఆధారం బార్జి వెనుక నీటిలో తేలుతూ వచ్చే సన్నతాడు, దాని చివరి బోయా మాత్రమే. దాన్ని పట్టుకుని లాగితే, బార్జి పక్కన కట్టి ఉంచిన ఉక్కు అత్యవసర తాడు తన కట్లను ఒకటొకటిగా తెంచుకుని రావాలి. ఆ కట్లను కళాసీలు గట్టిగా ఉండాలని మందపాటి తాడుతో కడుతుంటారు. అలా కట్టిన చోట కట్టు తెగక, తేలే తాడే తెగిపోవడం నేను చూశాను. కట్లు సన్నగా ఉండాలి, ఉక్కు తాడు కడ్డీలకూ సరుకుకూ బయటివైపుగా సాగాలి.

తీరప్రాంతంలో అసలు కష్టం లోతు తక్కువగా ఉండటం. తాడు నీటిలో వంగి వేలాడితేనే కెరటాల కుదుపు టగ్గుకు తగలదు. కానీ ఆ వంపు సముద్రం అడుగును తాకితే తాడు అరిగిపోతుంది, రాయికో పాత శిథిలానికో చిక్కుకుంటుంది. వేగం తగ్గిస్తే వంపు ఇంకా కిందికి దిగుతుందన్న సంగతి కొత్తవారికి తట్టదు. కాబట్టి లోతు తగ్గే చోటికి చేరకముందే తాడును చుట్టి పొట్టి చేసుకోండి. ఎక్కడ చుట్టాలో చార్టు మీద ముందే గుర్తు పెట్టుకోండి, గాలి ముదిరితే ఆశ్రయం దొరికే చోట్లతో సహా.

దీపాల విషయం. 1972 నాటి అంతర్జాతీయ నియమాల ప్రకారం టగ్గు వెనుక అంచు నుంచి బార్జి చివరి వరకు 200 మీటర్లు దాటితే టగ్గు మాస్టుపై నిలువుగా మూడు తెల్లదీపాలు ఉండాలి, దాటకపోతే రెండు. ఆ కొలతలో తాడు పొడవు ఒక్కటే కాదు, బార్జి పొడవు కూడా కలుస్తుంది. టగ్గు వెనుక దీపానికి పైన పసుపు దీపం ఉండాలి. 200 మీటర్లు దాటినప్పుడు పగలు టగ్గుకూ బార్జికీ వజ్రాకారపు గుర్తు కట్టాలి. బార్జి పక్కదీపాలను, వెనుక దీపాన్ని బయలుదేరడానికి ముందు ఒక రాత్రంతా వెలిగించి చూడండి. చేపల పడవలవారు టగ్గు దాటగానే దారి ఖాళీ అనుకుని తాడు మీదుగా రావచ్చు. బార్జి మీద వెలుగు ఉంటేనే వారు ఆగుతారు.

చివరిగా మీ టగ్గు. తాడు పక్కకు తిరిగి టగ్గును అడ్డంగా లాగితే అది క్షణాల్లో బోల్తా పడుతుంది. తాడును తక్షణం వదిలించే మీటను రేవులోనే, బ్రిడ్జి (టగ్గును నడిపే గది) నుంచే నొక్కి పరీక్షించండి. లాగుతున్నంతసేపూ డెక్కు తలుపులు మూసి ఉంచండి, ఉక్కగా ఉందని ఎవరు అడిగినా సరే.

బార్జి పొడవు, సరుకు బరువు, మీ దారిలో అతి తక్కువ లోతు ఎంతో ఇక్కడ రాయండి. తాడు ఎంత వదలాలో కలిసి లెక్క వేద్దాం.