చర్చి క్వయర్ పాత క్యాసెట్లు, రీళ్లు: ముందు వేటిని కాపాడాలి?

"మా విజయవాడ చర్చి బీరువాలో 1970, 80ల నాటి క్వయర్ క్యాసెట్లు, కొన్ని పెద్ద రీళ్లు, ఫొటోలు, మినిట్స్ పుస్తకాలు ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగారు. గుంటూరులో మా లూథరన్ సంఘం టేపుల పని దగ్గరుండి చేయించినవాణ్ణి, తెలిసినంత చెబుతాను.

ముందు తెలుగు కీర్తనలున్న టేపులు తీయండి. క్రిస్మస్‌కు సొప్రానో, ఆల్టో, టెనర్, బేస్ అంటూ నాలుగు గొంతుల్లో పాడిన ఇంగ్లీషు ఆంథమ్‌లు ఎంత బాగున్నా తర్వాత చూసుకోవచ్చు. వాటి నొటేషన్ అచ్చయి ఎక్కడో ఒకచోట ఉంటుంది. కీర్తనల సంగతి వేరు. మనందరి ఇళ్లలో ఉండే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట మీద రాగం, తాళం పేర్లు ఉంటాయి, స్వరం ఉండదు. పైగా పుస్తకంలో రాగం ఏదైనా పాడే వరస ఊరికో తీరు. మా టేపుల్లో ఒకే కీర్తనను స్త్రీల సమాజం వాళ్లు ఒక వరసలో, క్వయర్ ఇంకో వరసలో పాడారు. స్త్రీల సమాజం వరస ఇప్పుడు మా సంఘంలో పాడగలిగేవాళ్లు లేరు. ఆ క్యాసెట్టే దానికి మిగిలిన ఆధారం.

ఇక టేపు సంగతి. చుట్ట అంచున తెల్లటి పొడి కనిపిస్తే అది బూజు. దాన్ని ప్లేయర్‌లో పెట్టొద్దు, మిగతా క్యాసెట్లకూ అంటుకుంటుంది. బాగున్నవాటికి ముందుగా, వెనక అంచున ఉన్న ప్లాస్టిక్ ట్యాబ్‌లు విరిచేయండి, పొరపాటున ఎవరూ చెరిపేయకుండా. లోపల టేపును నొక్కిపట్టే చిన్న ఫెల్ట్ (మెత్తటి గుడ్డ) ముక్క ఊడిపోయి ఉంటే శబ్దం సన్నగా వస్తుంది, టేపును వేరే క్యాసెట్ డబ్బాలోకి మారిస్తే సరిపోతుంది. ప్లేయర్‌లో టేపును చదివే హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పక్కనున్న బుల్లి స్క్రూని పాటలో 'స', 'శ'లు విడివిడిగా తేలేవరకు మెల్లగా తిప్పాలి. చాలామంది వదిలేసేది ఈ పనే, తేడా మాత్రం బ్రహ్మాండంగా ఉంటుంది.

రీళ్లు వాసన చూడండి. వెనిగర్ వాసన వస్తే అసిటేట్ టేపు చెడిపోతోందని అర్థం, వాటిని విడిగా పెట్టి త్వరగా చేయించాలి. 70, 80ల నాటి కొన్ని రీళ్లు జిగురుగా మారి హెడ్‌కు అతుక్కుంటాయి. వాటిని తక్కువ వేడిలో గంటల తరబడి ఆరబెట్టే పద్ధతి ఉంది కానీ అది తెలిసినవాళ్ల పని, ఇంట్లో ప్రయోగాలొద్దు.

రికార్డింగ్ 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలుగా (శబ్దాన్ని కుదించని ఫైలు) ఉండాలి. స్టీరియో అయితే గంటకు సుమారు 2 జీబీ. మేము మొదట ఇచ్చిన షాపువాడు 'నీట్‌గా చేశాను సార్' అంటూ గరగర తీసేసిన ఎంపీ3లు చేతిలో పెట్టాడు. గరగరతో పాటు తంబుర శ్రుతి కూడా కొట్టుకుపోయింది! అసలు ఫైలు ఉన్నదున్నట్టు ఉంచి, శుభ్రం చేయడమేదో కాపీ మీద చేయమనండి. శ్రుతి దిద్దడమూ అంతే. కరెంటు పోయి బ్యాటరీల మీద రికార్డు చేసిన టేపుల్లో, బ్యాటరీ నీరసించి టేపు నెమ్మదించేకొద్దీ, ఇప్పుడు మామూలు వేగంతో వింటే పాట వేగం, శ్రుతి రెండూ పెరుగుతూ పోతాయి. అప్పటి హార్మోనియం చర్చిలో ఇంకా ఉంటే దాని మెట్టుతో సరిచూసుకోవచ్చు.

ఇవన్నీ డబ్బిస్తే అయ్యే పనులు. పాడిందెవరో చెప్పేవాళ్లు మాత్రం పెద్దవాళ్లైపోతున్నారు. ఫైళ్లు తయారయ్యేదాకా ఆగక, ఆదివారం ఆరాధన అయ్యాక పాత క్వయర్ సభ్యుల్ని కూర్చోబెట్టి వినిపించండి. 'ఇది మా వదిన గొంతే' అని ఒకరంటే, 'కాదు, ఆవిడ అప్పటికి నర్సు ట్రైనింగుకి వెళ్లింది' అని ఇంకొకరంటారు. ఆ వాదనంతా ఫోన్‌లో రికార్డు చేయండి. ఏ సంవత్సరం పాటో అలాగే తేలుతుంది.

మినిట్స్ పుస్తకాలు ఫొటో తీసినా పారేయొద్దు. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హేయర్ గుంటూరు వచ్చినప్పటి నుంచి మిషన్ కాగితాలు అమెరికా లూథరన్ ఆర్కైవ్స్‌కు చేరాయి, బెంగళూరు యునైటెడ్ థియలాజికల్ కాలేజీలోనూ చర్చి చరిత్ర కాగితాలు భద్రపరుస్తారు. కానీ మీ క్వయర్‌కు హార్మోనియం ఎప్పుడు కొన్నారో అక్కడ దొరకదు.

యూట్యూబ్‌లో పెట్టేముందు ఒక్కమాట. కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారు 1890లోనే పోయారు, ఆయన సాహిత్యానికి హక్కుల చిక్కు లేదు. అయితే కంపెనీలు విడుదల చేసిన రికార్డులకు మన చట్టంలో 60 ఏళ్ల హక్కుంది. మీ క్వయర్ సొంత టేపులైనా పాడినవాళ్లను, వాళ్ల పిల్లలను అడిగి పెట్టడమే మర్యాద.

కాపీలన్నీ ఒకే బీరువాలో పెట్టకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు ఏమైందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఒక హార్డ్ డిస్క్ చర్చిలో, ఒకటి వేరే ఊళ్లో సభ్యుల ఇంట్లో, ఇంకొకటి ఆన్‌లైన్‌లో ఉండాలి. రీళ్ల డబ్బాల మీద కంపెనీ పేరు, వేగం రాసి ఉంటే ఫొటో పెట్టండి, ఏ మెషీన్ కావాలో చూసి చెబుతాను.