పంపే డ్రాయింగ్ తన కాళ్ళ మీద తను నిలబడాలె

బిడ్డకు పెద్దబాపు దీవెనలు.

మొన్న ఫోన్లో నువ్వు చెప్పిన దాని గురించే రాస్తున్న. హన్మకొండలో మీరు గీసిన లేఅవుట్ డ్రాయింగ్ కరీంనగర్ ఆర్కిటెక్ట్ తెరిస్తే కాంటూర్లు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) ఉండాల్సిన కాడ ఖాళీ డబ్బాలు వచ్చినయన్నవ్, ఊరి పేర్లు పిచ్చి అక్షరాలైనయన్నవ్, గ్రామ నక్షా అసలే కనబడలేదన్నవ్. మూడింటికీ మూలం ఒక్కటే. ఆ ఫైల్ మీ ఆఫీసు కంప్యూటర్ మీద ఆధారపడి ఉన్నది. మీ సాఫ్ట్‌వేర్, మీ ఫాంట్లు, మీ డీ డ్రైవ్ దగ్గర ఉన్నంతసేపు అన్నీ సక్కగ కనబడ్తయి. గడప దాటంగనే అసలు సంగతి బయటపడ్తది.

ఇట్లాంటప్పుడు అందరూ చేసే పని, సేవ్ యాజ్ కొట్టి పాత వర్షన్‌లో మళ్ళ పంపుడు. దాంతోని ఇది తీరదు. డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్ 2018లో వచ్చిన డీడబ్ల్యూజీ అనే ఫైల్ ఫార్మాట్‌నే తర్వాతి వర్షన్లు కూడా వాడుతున్నయి. అయినా 2024 సివిల్ త్రీడీలో (ఆటోక్యాడ్ మీద నడిచే సర్వే, రోడ్ల సాఫ్ట్‌వేర్) చేసిన సర్ఫేస్‌ను, అంటే నేల ఎత్తుపల్లాల నమూనాను, 2020 సివిల్ త్రీడీ సరిగ్గ చదవలేదు. ఫార్మాట్ వేరు, దాని లోపల కూసున్న వస్తువులు వేరు. సర్ఫేసు, అలైన్‌మెంటు (రోడ్డు నడిమి గీత లాంటిది), కోగో పాయింటు (సర్వే పాయింటు) మామూలు గీతలు కావు. వాటిని ఎట్ల గియ్యాల్నో సివిల్ త్రీడీకే తెలుసు. అది లేని కంప్యూటర్‌లో అవి ప్రాక్సీలుగ, అంటే అసలు వస్తువుకు బదులు నిలబడే ఉత్త ఆకారాలుగ మిగుల్తయి. సేవ్ చేసేటప్పుడు ప్రాక్సీగ్రాఫిక్స్ అనే సెట్టింగ్ విలువ 1 ఉంటే కనీసం బొమ్మ కనబడ్తది, 0 ఉంటే ఉత్త డబ్బా. మీది 0 అయి ఉంటది, చూసుకో. 1 పెట్టినా ఆ బొమ్మను చూసుడే, దిద్దరాదు.

కాబట్టి మొదటి మాట: అసలు ఫైల్‌ను ముట్టుకోకు. సర్ఫేస్‌ను పగలగొడితే రేపు ఒక లెవల్ మారినప్పుడు మళ్ళ మొదటి నుంచి చెయ్యాలె. అసలుది మీ దగ్గర ప్రాణంతోని ఉండాలె, శుభ్రం చేసేదంతా పంపే కాపీలోనే జరగాలె.

సివిల్ త్రీడీ కమాండ్ లైన్‌లో ముందు అడ్డగీత (-) పెట్టి ఎక్స్‌పోర్ట్‌టుఆటోక్యాడ్ అని కొట్టు. ఏ వర్షన్ కావాలె, ఎక్స్‌రెఫ్‌లను (డ్రాయింగ్‌కు బయటి నుంచి జోడించిన వేరే ఫైళ్ళను) కలపాల్నా వద్దా అని అడుగుతది, కొత్త ఫైల్ తయారుచేస్తది. ఆ సమయానికి తెర మీద ఏ స్టైల్ కనబడ్తున్నదో అదే గీతలుగ మారుతది. కాంటూర్లు కావాలంటే ముందుగాల్నే సర్ఫేస్ స్టైల్‌లో కాంటూర్లు వేసి ఉంచాలె. కాంటూర్ల మటుకు నేనైతే సర్ఫేస్ నుంచి ఎక్స్‌ట్రాక్ట్ ఆబ్జెక్ట్స్‌తోని తీసుడే మంచిదంట, ఎత్తులతోని సహా పాలీలైన్లు వస్తయి. ఏ దారిలో తీసినా ఒక కాంటూర్‌ను పట్టుకొని ప్రాపర్టీస్‌లో ఎలివేషన్ ఉన్నదా లేదా చూడు. ఎత్తు లేని కాంటూర్ ఆర్కిటెక్ట్‌కు ఉత్త వంకర గీతే. సర్వే పాయింట్లను వేరేగ సీఎస్‌వీ ఫైల్‌లో ఈస్టింగ్, నార్తింగ్, ఎత్తుతోని పెట్టు. దాన్ని ఏ సాఫ్ట్‌వేర్ అయినా చదువుతది.

ఇగ ఎక్స్‌రెఫ్‌లు. నాకు అన్నిటికంటే భయం వీటితోనే. డబ్బా కనబడితే అవతలోడు ఫోన్ చేసి అడుగుతడు. రాని గీత గురించి ఎవ్వరూ అడగరు, అది ఉండాల్నని వాళ్ళకు తెలిస్తే కద. చెరువు ఎఫ్‌టీఎల్ గీత (చెరువు పూర్తిగ నిండినప్పుడు నీళ్ళు వచ్చే హద్దు) వేరే ఫైల్‌లో ఉండి, అది పోకుంటే ఏమైతదో ఆలోచించు. 2012 నాటి 168 జీఓ (ప్రభుత్వ ఉత్తర్వు) ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు వదలాలె. గీతే లేకుంటే ఎక్కడి నుంచి కొలుస్తరు? ఆ డ్రాయింగ్ చూసి ఒకరు హద్దు రాళ్ళు పాతుతరు, ఇంకొకరు జీవితమంతా కూడబెట్టిన పైసలు పెట్టి ప్లాటు కొంటరు.

ఎక్స్‌టర్నల్ రిఫరెన్సెస్ ప్యానెల్ తెరిచి ఒక్కొక్క వరుసా చదువు. ‘నాట్ ఫౌండ్’ అని ఉన్నదాన్ని ఆగమాగం డిటాచ్ చెయ్యకు (విడగొట్టకు). అందులో ఏముండెనో ముందు కనుక్కో. అన్నీ లోడ్ అయినంకనే బైండ్ చెయ్యి, అంటే మన డ్రాయింగ్ లోపలికి కలుపు. అందులో రెండు పద్ధతులున్నయి. బైండ్ అంటే లేయర్ పేరు ముందు ఫైల్ పేరు, నడిమిట్ల డాలర్ సున్నా డాలర్ చేరుతయి, ఏది ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తది. ఇన్సర్ట్ అంటే పేర్లు కలిసిపోతయి, రెండు ఫైళ్ళలో ‘రోడ్’ అనే లేయర్ ఉంటే మన ఫైల్‌లోని రంగే రెండోదానికి వస్తది. సర్వే డ్రాయింగ్‌కు మొదటిదే నయం, చూడ ముచ్చటగ లేకున్నా సరే. స్కాన్ చేసిన గ్రామ నక్షా, టిప్పన్ (ఒక్కొక్క సర్వే నంబరు కొలతల పటం) మటుకు బైండ్‌తోని లోపలికి రావు. చిత్రం ఎప్పుడూ బయటి ఫైలే. డ్రాయింగ్ ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టి, ఫైల్ దారి (పాత్) రిలేటివ్‌గ, అంటే డ్రైవ్ పేరు లేకుండ డ్రాయింగ్ ఉన్న చోటును బట్టి మార్చి, కలిపి జిప్ చెయ్యి.

పిచ్చి అక్షరాల సంగతి. ఊరి పేర్లు, వాగు పేర్లు డీటీపీ అలవాటు కొద్దీ అను ఫాంట్లలో కొట్టి ఉంటరు. అందులో తెలుగు అక్షరాల కోడ్‌లు ఉండయి. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూసోబెట్టి ఉంటయి, ఆ ఫాంట్ లేనిచోట ఇంగ్లిష్ చెత్తే కనబడ్తది. తెలుగు అక్షరాలకు సొంత కోడ్‌లుండే యూనికోడ్‌లో మళ్ళ టైప్ చెయ్యి. నిర్మలా యూఐ విండోస్ 8 నుంచి విండోస్‌తోనే వస్తది, అది పెట్టు. వత్తులు సరిగ్గ కూసున్నయా అని ఒక ప్రింట్ తీసి కండ్లారా చూడు. ఇంగ్లిష్ రాతకు ఎవరో ఇచ్చిన ఎస్‌హెచ్‌ఎక్స్ (ఆటోక్యాడ్ వాడే ప్రత్యేక రకం) ఫాంట్లు వద్దు. అవి దొరకకుంటే ఆటోక్యాడ్ వాటికి బదులు సింప్లెక్స్ అనే ఫాంట్ పెడ్తది, అక్షరం వెడల్పు మారి ప్లాటు నంబరు పక్క ప్లాట్లకు పోతది.

ఫైల్ బరువు సంగతి తొందరగ చెప్త. వాడని సరుకును తీసేసే పర్జ్ కమాండ్ డబ్బాలో కనబడని రెగ్‌యాప్‌లు (సాఫ్ట్‌వేర్ల నమోదు పేర్లు) ఉంటయి. ప్రతి అదనపు సాఫ్ట్‌వేర్ తన పేరును డ్రాయింగ్‌లో రాసుకుంటది, ఒక బ్లాక్ కాపీ చేస్తే ఆ పేర్లు కూడా దాని వెంట వస్తయి. భద్రకాళి చెరువులో గుర్రపుడెక్క అలుముకున్నట్టు ఆఫీసు ఫైళ్ళన్నిటికీ పాకుతయి. అడ్డగీత పెట్టి పర్జ్ కొట్టి, ఆర్ అక్షరం ఇస్తే పోతయి. తర్వాత మామూలు పర్జ్, ఆఖరుకు ఫైల్‌లో తప్పులు వెతికి దిద్దే ఆడిట్. మైక్రోస్టేషన్ (ఇంకో డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్) నుంచి వచ్చిన ఫైల్ అయితే దాని డీజీఎన్ లైన్‌టైపులు కూడా చూడు. అయితే అనుమతి కోసం పెట్టే డ్రాయింగ్‌కు అనుమతిచ్చే ఆఫీసోళ్ళు ఇచ్చిన టెంప్లేట్ ఉంటే, అందులోని ఖాళీ లేయర్లను పర్జ్‌తోని తియ్యకు. ఖాళీగున్నా ఆ పేర్లు ఉండాల్సిందే.

బయటి నుంచి వచ్చిన జిప్ విప్పినప్పుడు డ్రాయింగ్ పక్కన ‘అక్యాడ్’ లేదా ‘అక్యాడ్‌డాక్’ పేరుతో లిస్ప్ ఫైల్ (ఆటోక్యాడ్ లోపల నడిచే చిన్న ప్రోగ్రామ్) ఉంటే డ్రాయింగ్ తెరవకు, ముందు దాన్ని పక్కకు తియ్యి. ఆ పేర్లున్న ఫైళ్ళను మనం చెప్పకున్నా ఆటోక్యాడ్ దానంతటదే నడపబోతది. వైరస్‌లు ఆ దారిలోనే ఫోల్డర్ నుంచి ఫోల్డర్‌కు పోతయి. అట్లాంటి ఫైల్ నడిచే ముందు హెచ్చరించే సెట్టింగ్ సెక్యూర్‌లోడ్, దాన్ని సున్నా చెయ్యమని ఎవరు చెప్పినా వినకు.

ఈట్రాన్స్‌మిట్ (డ్రాయింగ్‌కు కావాల్సిన ఫైళ్ళన్నీ ఒక్కకాడ చేర్చే కమాండ్) కొడితే ఏ ఫైల్ దేని మీద ఆధారపడ్డదో జాబితా వస్తది. పంపేటందుకే కాదు, పరీక్షకు కూడా దాన్నే వాడు. ప్రింట్‌లో ఏ రంగు గీత ఎంత మందం రావాల్నో చెప్పే సీటీబీ ఫైల్ అందులో ఉన్నదా చూడు, లేకుంటే గీతల మందం మీరు పెట్టినట్టు రాదు. ఆఖరి పరీక్ష మీ ఆఫీసులో ఇంకో సిస్టం మీద చేస్తే లాభం లేదు. షేర్డ్ డ్రైవ్ దానికీ అందుతది, లోపం దాక్కుంటది. పెన్‌డ్రైవ్‌లో వేసుకొని, సివిల్ త్రీడీ లేని, మీ నెట్‌వర్క్‌తో సంబంధం లేని కంప్యూటర్‌లో తెరువు. పక్కన మీ ప్రింట్ పెట్టుకొని గీత గీతా పోల్చు.

జిప్‌లో ఒక చిన్న టెక్స్ట్ ఫైల్ పెట్టు: ఏ సాఫ్ట్‌వేర్, ఏ వర్షన్, కొలత మీటర్లలో, కోఆర్డినేట్లు యూటీఎం (భూమిని జోన్లుగ పంచి మీటర్లలో కొలిచే పద్ధతి) 44వ జోన్ ఉత్తరం, ఏ ఎక్స్‌రెఫ్‌లు కలిపినవ్, ఏ చిత్రాలు వేరేగ ఇచ్చినవ్, అసలు సర్ఫేస్ ఎవరి దగ్గర ఉన్నది. అవతలోళ్ళు దాన్ని చదివితే నీకు సగం ఫోన్లు తప్పుతయి.

ముందు కరీంనగర్ డ్రాయింగ్ కాపీ మీద ఇదంతా చేసి చూడు. ఇంకా ప్రాక్సీ సందేశం వస్తే అందులో దొరకని అప్లికేషన్ పేరు రాసి ఉంటది. దాన్ని ఫోటో తీసి నాకు పంపు, ఆ పేరును బట్టి తర్వాత ఏం చెయ్యాల్నో చెప్త.

మీ పెద్దబాపు