శంఖాకారమా, శంక్వాకారమా? ఒక వాషరు పేరును గురించి

సందేహం: యంత్రాల నిర్వహణపై తెలుగులో ఒక శిక్షణ పుస్తకం రాస్తున్నాను. అందులో "ఈ బోల్టుకు శంఖాకార స్ప్రింగ్ వాషర్ వాడాలి. అది నట్టును వదులు కానీయదు" అని రాస్తే, పరిష్కర్త "శంఖాకార"ను "శంక్వాకార" అని దిద్దారు. అది నోరు తిరగని మాట, "కోన్ వాషర్" అంటే చాలదా అని ఒక మిత్రుడి ప్రశ్న. వాషర్‌కు కూడా తెలుగు మాట పెట్టాలని మరొకరి పట్టు. వీటిలో ఏది సాధువు? ఆ వాక్యంలో ఇంకేమైనా దోషం ఉందా?

సమాధానం: పరిష్కర్త దిద్దినదే సరైన రూపం. శంఖం వేరు, శంకువు వేరు. శంఖ శబ్దానికి ఆకారం చేరితే సవర్ణదీర్ఘ సంధి వచ్చి "శంఖాకారం" అవుతుంది. ఊదే శంఖం వంటి ఆకారం గలదని దానికి అర్థం. శంకు శబ్దం ఉకారాంతం కనుక ఆకారం చేరినప్పుడు యణాదేశ సంధి వచ్చి ఉకారం వకారమవుతుంది. గురు, ఆజ్ఞ కలిసి గుర్వాజ్ఞ అయినట్టే, మను, అంతరం కలిసి మన్వంతరం అయినట్టే, శంకు, ఆకారం కలిస్తే శంక్వాకారం. సంస్కృతంలో శంకువంటే మొన గల మేకు. కట్టడం మొదలుపెట్టే చోట మేకు పాతడం శంకుస్థాపన. నీడను బట్టి పొద్దు కొలవడానికి నిలువుగా నాటే పుల్లకు కూడా శంకువనే పేరు. మొనదేలిన ఘనరూపానికి రేఖాగణితంలో మనకు స్థిరపడిన పేరూ అదే. అచ్చులో అక్కడక్కడ "శంఖువు" అని కూడా కనిపిస్తుంది కానీ, అది ఈ రెండు మాటల కలగాపులగం వల్ల పుట్టిన రూపమే తప్ప వేరే పదం కాదు.

ఇక్కడ ఒక చమత్కారం ఉంది. శంఖానికి ప్రధాన లక్షణం మెలిక. అంగళ్లలో మామూలుగా "స్ప్రింగు వాషరు" అని అడిగితే ఇచ్చేది ఒకచోట తెగి, రెండు కొసలూ కాస్త పైకీ కిందికీ తిరిగి ఉండే ఉక్కు చుట్టు. ఏ వాషరునైనా శంఖంతో పోల్చక తప్పదంటే ఆ మెలిక ఉన్నదాన్నే పోల్చాలి. మీరు రాస్తున్నది దాని గురించి కాదు కనుక, "శంఖాకార" అన్నప్పుడు అక్షరదోషంతో పాటు వస్తుదోషం కూడా వస్తుంది. చదివినవాడు తప్పు వాషరు తెచ్చి బిగించే ప్రమాదం ఉంది.

పేరు సరిగా కుదరాలంటే ముందు వస్తువును చూడాలి. నడుమ రంధ్రం ఉన్న సాసరును బోర్లించినట్టుండే ఉక్కు బిళ్ళ ఇది. లోపలి అంచు ఎత్తులో ఉంటుంది, బయటి అంచు కింద ఆనుతుంది. కచ్చితంగా చెప్పాలంటే ఇది పూర్తి శంకువు కాదు, కొన కోసేసిన శంకువు తాలూకు పలుచని పెంకు. అయితే పేరు నిర్వచనం కానక్కరలేదు. వస్తువును మరొకదానితో పొరబడకుండా చూపిస్తే చాలు. ఈ వాషరులో స్ప్రింగు గుణమంతా ఆ వాలులోనే ఉంది కాబట్టి శంకువు ప్రసక్తి లేకుండా దీనికి పేరు పెట్టలేము.

ఆ వాలు చేసే పని ఇది. నట్టు బిగించినప్పుడు బోల్టు కొంచెం సాగుతుంది. సాగిన బోల్టు తిరిగి కుదించుకోవాలని లాగే బలమే రెండు భాగాలనూ కలిపి పట్టి ఉంచే బిగువు. బోల్టు చాలా గట్టిది కనుక ఆ సాగుదల మిల్లీమీటరులో చిన్న భాగమే ఉంటుంది. అతుకు కారకుండా నడుమ పెట్టే మెత్తని పొర, అంటే గాస్కెట్టు, నలిగినా, రంగుపూత అణిగినా, అల్యూమినియం వంటి మెత్తని లోహం ఒత్తిడి కింద నెమ్మదిగా జరిగిపోయినా ఆ కొద్దిపాటి సాగుదల కాస్తా పోతుంది, దానితోపాటే బిగువూ పోతుంది. శంక్వాకార వాషరును బోల్టుతో నొక్కినప్పుడు అది చదునయ్యే దిశగా అణుగుతుంది. అప్పుడు దాని పై ముఖం చుట్టుకొలత కుదించుకుంటుంది, కింది ముఖం చుట్టుకొలత సాగుతుంది. ఈ రెండు నిర్బంధాల నుంచి విడుదల కోసం లోహం పైకి నెడుతూనే ఉంటుంది. కింద ఏదైనా అణిగి సందు ఏర్పడితే వాషరు ఆ మేరకు లేచి సందును పూరిస్తుంది, బిగువు కొద్దిగా తగ్గినా పూర్తిగా పోదు. పదేపదే హెచ్చుతగ్గుల బరువు పడే చోట పగుళ్లు సాధారణంగా సాగే ముఖం మీదే, అంటే కింది వైపునే మొదలవుతాయి.

బలానికీ అణుగుదలకూ ఉన్న సంబంధం ఈ వాషరులో అన్నిటికన్నా ఆసక్తికరమైన విషయం. చుట్టల స్ప్రింగు మామూలుగా హుక్ నియమాన్ని పాటిస్తుంది. రెట్టింపు నొక్కితే రెట్టింపు ఎదురుతిరుగుతుంది. ఇక్కడ మాత్రం శంకువు ఎత్తును లోహం మందంతో భాగిస్తే వచ్చే నిష్పత్తి మీద అంతా ఆధారపడుతుంది. ఆ నిష్పత్తి 0.4 లోపు ఉంటే ఇది కూడా దాదాపు చుట్టల స్ప్రింగులాగే ప్రవర్తిస్తుంది. సుమారు 1.4 దగ్గర, చదునయ్యే స్థితి సమీపంలో, ఎంత అణిగినా బలం ఇంచుమించు మారకుండా నిలుస్తుంది. అంతకు మించితే ఒక దశ దాటాక ఇంకా నొక్కుతున్నకొద్దీ బలం పెరగకపోగా తగ్గుతుంది. 2.8 దాటితే వాషరు తటాలున అటువైపు తిరగబడి అలాగే ఉండిపోగలదు. మందం ప్రభావం మరీ తీవ్రం: శంకువు ఎత్తు, వ్యాసాలు మార్చకుండా మందం రెట్టింపు చేస్తే, పూర్తిగా చదును చేయడానికి కావలసిన బలం 8 రెట్లవుతుంది. ఈ లెక్కలకు నేటికీ ఆధారంగా ఉన్న సూత్రాలను ఆల్మెన్, లాజ్లో అనే ఇద్దరు 1936లో ప్రచురించారు. వస్తువు మాత్రం అంతకంటే పాతది. ఫ్రాన్సులో బెల్‌విల్ అనే ఆయన 1867లోనే ఇలాంటి స్ప్రింగుకు పేటెంటు పొందాడు. అందుకే దీన్ని బెల్‌విల్ వాషరు అని కూడా అంటారు. అక్షరాలను బట్టి కొందరు "బెల్లెవిల్లె" అని రాస్తున్నారు. అది ఫ్రెంచి పేరు కనుక "బెల్‌విల్" అనే రాయడం మేలు.

ఇలాంటి వాషర్లను కొన్నిటిని కలిపి పేర్చి వాడే పద్ధతిని మీ పుస్తకంలో తప్పక వివరించవలసి వస్తుంది. పాఠ్యపుస్తకాల అలవాటు ప్రకారం "సమాంతర సంధానం, శ్రేణి సంధానం" అని రాస్తే తప్పు కాదు గాని, విద్యుత్ వలయాలు చదివినవాడికి అవి తీగలనే గుర్తుకు తెస్తాయి. బోర్లా, వెల్లకిలా అనే మాటలు మనకు ఉండగా ఇబ్బంది ఎందుకు? అన్నిటినీ బోర్లాగానే ఒకదానిపై ఒకటి ఒదిగేలా పేరిస్తే బలం కలుస్తుంది: 4 వాషర్లుంటే ఒకే వాషరంత అణగడానికి దాదాపు 4 రెట్ల బలం కావాలి. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా చొప్పున ఎదురెదురుగా పేరిస్తే అణుగుదల కలుస్తుంది: ఒక వాషరుకు చాలిన బలంతోనే ఆ నాలుగూ కలిసి 4 రెట్లు అణుగుతాయి. రెండేసి ఒదిగించిన జంటలను ఎదురెదురుగా ఉంచితే బలమూ అణుగుదలా చెరి 2 రెట్లు. ఒదిగిన వాటి మధ్య రాపిడి ఉంటుంది కాబట్టి నొక్కేటప్పుడు కావలసిన బలం కన్నా వదిలేటప్పుడు తిరిగి వచ్చే బలం తక్కువగా ఉంటుంది. అదుర్లను అణచవలసిన చోట ఈ రాపిడే ఉపకరిస్తుంది.

వాడుక విషయానికి వస్తే, బిగించిన తరువాత వేడివల్లో అణుగుదలవల్లో కొలత మారే ప్రతి చోటా దీనికి పని ఉంది. ఆవిరి గొట్టాల అంచుపళ్లేలను (ఫ్లాంజీలను) కలిపే బోల్టుల కింద, విద్యుత్తును మోసే అల్యూమినియం, రాగి పట్టీల అతుకుల దగ్గర, వాల్వు కడ్డీ చుట్టూ ఆవిరి కారకుండా కూరే ప్యాకింగును ఎప్పటికీ నొక్కి ఉంచడానికి, బేరింగులలో ఊగుడు లేకుండా చేయడానికి, కరెంటు పోగానే తమంతట తాము పట్టుకునే బ్రేకులలో, యంత్ర సాధనాల కదుళ్లలో (స్పిండిళ్లలో) కోత పనిముట్టును లాగి పట్టుకోవడానికి దీన్ని వాడతారు. వాహనాల క్లచ్చులోని డయాఫ్రం స్ప్రింగు కూడా ఈ కుటుంబానిదే. లోపలి భాగాన్ని చీల్చి వేళ్లలా చేసిన శంక్వాకార బిళ్ళ అది. బలం ఒక దశలో నిలకడగా ఉండి ఆపై తగ్గే గుణం అక్కడ చక్కగా అక్కరకు వస్తుంది: క్లచ్చు పలక అరిగినా పట్టు తగ్గదు, పెడలును చివరిదాకా తొక్కడానికి కాలికి శ్రమ పెరగదు.

ఇక మీ వాక్యంలోని రెండో భాగం. "నట్టును వదులు కానీయదు" అన్నది వ్యాకరణరీత్యా నిర్దుష్టమే, అర్థంలోనే చిక్కుంది. నట్టు వెనక్కి తిరిగి మరలు ఊడి రావడమూ వదులు కావడమే. నట్టు ఉన్నచోటనే ఉండగా బోల్టులోని లాగుడు తగ్గిపోవడమూ వదులు కావడమే. మొదటిదానికి తెలుగులో వీడడం, ఊడడం ఉన్నాయి. రెండోదానికి సడలడం ఉంది. విల్లు నారి సడలుతుంది, మంచం నవారు సడలుతుంది, ముడి మాత్రం వీడుతుంది. శంక్వాకార వాషరు ప్రధానంగా అడ్డుకునేది సడలడాన్ని. అడ్డంగా కుదిపే అదురు నట్టును తనంతట తాను తిప్పగలదని 1969లో జుంకర్ అనే జర్మన్ ఇంజనీరు ప్రయోగాలతో చూపారు. ఆ తిరుగుడుకు ఈ వాషరును మందుగా భావించకూడదు, అందుకు వేరే సాధనాలున్నాయి. "వదులు కానీయదు" అని చదివిన కార్మికుడు నట్టు ఊడదన్న భరోసాతో ఉండిపోవచ్చు. కనుక "బిగువు సడలనీయదు" అనండి. శాస్త్రానికి తగిన సున్నితమైన భేదం మన భాషలో ముందే సిద్ధంగా ఉన్నప్పుడు దాన్ని వదులుకోవడం నాకు ఇష్టం లేదు.

మీ మిత్రుడు సూచించిన "కోన్ వాషర్"లో తేలిక ఉన్నమాట నిజమే. కానీ సైకిలు చక్రపు ఇరుసు మీద బేరింగు గోళీలు ఆనే భాగాన్ని ఇప్పటికే కోను అంటున్నాం. శిక్షణ పుస్తకంలో ఆ తికమక ఎందుకు? వాషరుకు తెలుగు మాట పెట్టాలన్న సూచన కూడా నాకు నచ్చలేదు. బిళ్ళ అంటే నడుమ రంధ్రం ఉన్నట్టు తెలియదు, ఉంగరం అంటే బల్లపరుపుగా ఉంటుందని తెలియదు. నట్టు, బోల్టు, మర మన వాళ్ల నోళ్లలో కలిసే తిరుగుతున్నాయి. వాషరు వాటికి తోడుగానే వచ్చింది. అయితే వచ్చిన మాట మన విభక్తులను ధరించాలి: వాషరు, వాషరుకు, వాషర్లు అని రాయండి. స్ప్రింగు కూడా అంతే. కమాను అనే పాత మాట ఉంది గాని, అది విల్లులా వంగిన పట్టీల స్ప్రింగునే స్ఫురింపజేస్తుంది.

సమాసం విషయంలో ఒక జాగ్రత్త. "శంక్వాకార స్ప్రింగు వాషరు"లో విశేషణం దేనికి అన్వయిస్తుందో చదువరికి వెంటనే తెలియదు. పైకి పోనుపోను చుట్టలు సన్నబడే స్ప్రింగు ఒకటి వేరే ఉంది, దానికీ శంక్వాకార స్ప్రింగు అనే పేరు తగును. అందుకని మొదటిసారి "స్ప్రింగులా పనిచేసే శంక్వాకారపు వాషరు" అని విడమరచి చెప్పి, ఆ తరువాత పొట్టి పేరు వాడండి. శంక్వాకారపు అన్నచోట "పు" రావడం పుంప్వాదేశం. సరసపు మాట వంటిదే. తత్సమ విశేషణాన్ని తెలుగు మాటకో, తెలుగైపోయిన మాటకో జతచేసేటప్పుడు ఈ "పు" ఉంటే నడక సాఫీగా ఉంటుంది.

వాషరును ఏ వైపు పెట్టాలో కూడా అక్కడే చెప్పాలి. కుంభాకార, పుటాకార అనే మాటలు తరగతిగదిలో బాగానే ఉంటాయి, కానీ చేతిలో పానా పట్టుకున్నవాడు ఏది ఏదో ఒక క్షణం ఆలోచించవలసి వస్తుంది. ఉబ్బెత్తు అంటే ఆ ఆలోచన అక్కరలేదు. మీ వాక్యాన్ని ఇలా మారిస్తే బాగుంటుంది: "ఈ బోల్టుకు, స్ప్రింగులా పనిచేసే శంక్వాకారపు వాషరును ఉబ్బెత్తు వైపు నట్టుకు ఆనేలా పెట్టి బిగించాలి. గాస్కెట్టు నలిగి కొంత పలుచబడినా, అది అతుకు బిగువును సడలనీయదు."