మీ ప్రశ్నలు - మా జవాబులు: పండగ తర్వాత సోమవారం (2025 జనవరి)

ప్రశ్న: సంక్రాంతికి పాలకొల్లు వెళ్ళి ఆదివారం రాత్రి బస్సెక్కి సోమవారం సరాసరి ఆఫీసుకొచ్చి కూర్చున్నా సార్, మనిషిని వచ్చాను గానీ మనసు రాలేదు. ఎప్పటికొస్తుంది?
- ఒక ఉద్యోగి, కూకట్‌పల్లి

జవాబు: విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌గేట్ దగ్గర లైన్లో ఉండుంటుంది, వస్తుంది లెండి. ఈసారి కనుమ బుధవారం పడింది కదా, గురు శుక్రవారాలు లీవ్ కొడితే 19 దాకా లాగొచ్చని మీరొక్కరే అనుకోలేదు మరి! ఈలోపు ఒక పని చేయండి, మెయిళ్ళు పైనుంచి చదవండి, అంటే కొత్తవి ముందు. సగం గొడవలు మీరు లేకుండానే వాళ్ళలో వాళ్ళే తేల్చేసుకుని ఉంటారు.

ప్రశ్న: ఎల్ అండ్ టీ చైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారు వారానికి 90 గంటలు పనిచేయాలన్నారట, ఆదివారం ఇంట్లో కూర్చుని భార్య మొహం ఎంతసేపు చూస్తారు అని కూడా అన్నారట. పండక్కి మా పుట్టింట్లో అంతా దీని మీదే జోకులు. మావారు మాత్రం నవ్వి, కనుమ రోజు కూడా లాప్‌టాప్ తెరిచారు. ఇది నిజంగా రూల్ చేసేస్తారా అండీ?
- ఒక గృహిణి, నిజాంపేట

జవాబు: రూల్ చేయడం అంత తేలిక కాదమ్మా. ఈ 2025 జనవరిలో అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం కార్మికుడికి వారానికి 48 గంటలే, దాటితే రెట్టింపు జీతం ఇవ్వాలి. కానీ మీవారి లాంటి లాప్‌టాప్ వాళ్ళకి ఆ చట్టం వర్తించదు, ఐటీ కంపెనీలకేమో ఆఫీసులకీ వర్తించే షాపుల చట్టం నుంచి మన రాష్ట్రాల్లో కొన్ని మినహాయింపులున్నాయి, అందుకే ఏ రూలూ లేకుండానే కనుమ రోజు లాప్‌టాప్ తెరుచుకుంది. 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు 70 అన్నారు, రెండేళ్ళన్నా తిరక్కుండా ఈయన 90 అంటున్నారు, ఎవరన్నా వీళ్ళకి చెప్పండయ్యా వారంలో ఉన్నవే 168 అని. ఆదివారంతో కలిపి చూసినా రోజుకి దాదాపు 13 గంటలు, రానూపోనూ ఇంకో రెండు (అదే కంపెనీ కట్టిన మెట్రోలోనే అనుకోండి), నిద్ర ఏడు, ఇక మిగిలేది రెండు గంటలు. అందులోనే స్నానం, తిండి, పిల్లాడి హోంవర్కు, మీ మొహం. మహీంద్రా గ్రూప్ చైర్మన్ ఆనంద్ మహీంద్రా అయితే నా భార్య అద్భుతమైన మనిషి, ఆవిణ్ణి అలా చూస్తూ ఉండటం నాకిష్టం అని బదులిచ్చారు, బాగుంది గానీ అదీ మగవాళ్ళ మధ్య సరదా మాటే. నాకు మండేది ఎక్కడంటే, ఒక మనిషి 90 గంటలు ఆఫీసుకి ధారపోయాలంటే ఇంట్లో ఇంకో మనిషి వంట, బట్టలు, పిల్లలు, అత్తగారి బీపీ మాత్రలు అన్నీ చూసుకోవాలి, ఆ మనిషికి ఆదివారం ఎప్పుడూ లేదు, ఆవిడ గంటలు ఏ చైర్మనూ లెక్కెయ్యడు. మీవి ఒక్క వారం కాగితం మీద రాసి మీవారి లాప్‌టాప్‌కి అంటించండి, జోకులు ఆగుతాయేమో చూద్దాం.

ప్రశ్న: ఆఫీసుకి తెచ్చిన అరిసెలు ఎంతసేపుంటాయి?
- ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: డబ్బా మూత తీసేదాకా.

ప్రశ్న: ముక్కనుమ రోజు మేం మటన్ తిని పడుకుంటే ఇస్రో వాళ్ళు అంతరిక్షంలో ఉపగ్రహాల్ని కలిపేశారు. సిగ్గుపడాలా?
- ఒక డిగ్రీ విద్యార్థి, సూళ్ళూరుపేట

జవాబు: అక్కర్లేదు, మటన్ అరిగిందా లేదా చూసుకో. అయితే ఆ పని జరిగిన తీరు మాత్రం చూడు బాబూ. డిసెంబర్ 30న మీ పక్కనున్న శ్రీహరికోట నుంచే వెళ్ళాయి, ఒక్కోటి 220 కేజీలు. డాకింగ్, అంటే రెండిటినీ కలపడం, జనవరి 7న అన్నారు, వాయిదా. 9న అన్నారు, మళ్ళీ వాయిదా. 12న ట్రయల్‌గా మూడు మీటర్ల దగ్గరికి తెచ్చి మళ్ళీ దూరం జరిపారు, 16న కలిపారు, అమెరికా రష్యా చైనాల తర్వాత మనమే. దేశమంతా ఫోన్లు పట్టుకుని చూస్తున్నా, పండగలోపు ఎలాగోలా అయిపోవాలని తోసెయ్యలేదు వాళ్ళు. ఆ ఓపిక మన మేనేజర్లలో ఎంతమందికుందో నువ్వు ఉద్యోగంలో చేరాక నాకు రాయి.

ప్రశ్న: మా విశాఖ స్టీల్ ప్లాంట్‌కి కేంద్రం ప్యాకేజీ వచ్చింది, మావాళ్ళు టపాసులు కాల్చారు. ఇక భయం లేనట్టేనా సార్?
- ఒక కార్మికుడు, గాజువాక

జవాబు: కాల్చుకోండి, తప్పేం లేదు, 11,440 కోట్లు చిన్న డబ్బు కాదు. అందులో 10,300 కోట్లు వాటాగా పెడుతున్నారు, మిగతా 1,140 కోట్లు పాత వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ ఖర్చుల) అప్పునే షేర్ల కింద మార్చడం. జీతాలు విడతల్లో తీసుకుంటూ కూడా షిఫ్ట్ మానని మీలాంటోళ్ళకి ఇది దక్కాల్సిందే. కానీ 2021 జనవరిలో అమ్మేద్దామని తీసుకున్న నిర్ణయాన్ని రద్దు చేశాం అని ఎవరూ రాసివ్వలేదు. సొంత ఇనుప గనులు అప్పుడూ లేవు, ఇప్పుడూ లేవు, ఖనిజం కొనుక్కునే నడపాలి. 1966లో ఈ ఫ్యాక్టరీ కోసం 32 మంది ప్రాణాలు పోగొట్టుకున్న ఊళ్ళ వాళ్ళం మనం, కాబట్టి మీ ఎంపీ గారు శుభాకాంక్షలు చెప్పడానికి వచ్చినప్పుడు ఆ రద్దు కాగితం, గనుల కాగితం ఎక్కడ అని అడగండి.