తాబేలు గుడ్లకు ఒక ఆఫీసు, గెడ్డకు ఇంకో ఆఫీసు

ప్రశ్న: మాది సాగర్‌నగర్. నేనూ మా ఆయనా రోజూ తెల్లవారుజామున బీచ్‌లో నడుస్తాం. ఫిబ్రవరిలో ఒకరోజు సముద్రపు తాబేలు గుడ్లు పెట్టిన గుంతను ఎవరో తవ్వి, గుడ్లు సంచిలో వేసుకుపోతూ కనిపించారు. ఆపబోతే "మీకెందుకమ్మా" అన్నారు. ఇంకో సంగతి. మా కాలనీ వెనక కంబాలకొండ వైపు నుంచి వచ్చే గెడ్డను (వాగును) రాత్రిళ్లు లారీలతో మట్టి తెచ్చి పూడుస్తున్నారు. మాకు పలుకుబడి లేదు, కోర్టుల చుట్టూ తిరిగే స్తోమత లేదు. మాలాంటివాళ్లు చట్టప్రకారం ఏం చేయగలరు? కంప్లయింట్ ఇస్తే తిరిగి మా మీదికే వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: "మీకెందుకమ్మా" అన్నవాడికి జవాబు రాజ్యాంగంలోనే ఉంది. అడవుల్ని, చెరువుల్ని, నదుల్ని, వన్యప్రాణుల్ని కాపాడటం ప్రతి పౌరుడి విధి అని 51ఎ(జి) చెబుతోంది. అయితే ఆ అధికరణం పట్టుకుని వెళ్తే లారీ ఆగదు. మీకు పనికొచ్చేవి మామూలు చట్టాలు, వాటి కింద పెట్టే మామూలు అర్జీలు. మీరు చెప్పిన రెండు సంగతులకూ వెళ్లాల్సిన ఆఫీసులు వేరు. జనం నెలల తరబడి తిరిగేది చాలాసార్లు తప్పు గుమ్మం ఎక్కడం వల్లే.

ముందు తాబేలు సంగతి. మన తీరానికి వచ్చేవి ఆలివ్ రిడ్లే తాబేళ్లు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఇవి మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, అంటే పులికి ఎంత రక్షణ ఉందో వీటికీ అంతే. ఆ చట్టంలో 'వేట' అంటే చంపడం ఒక్కటే కాదు. పక్షులు, సరీసృపాల గుడ్లను పాడుచేసినా, గూటిని కదిలించినా వేటే. మొదటి షెడ్యూలు జంతువు విషయంలో నేరం రుజువైతే కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 7 ఏళ్లు జైలు. 2022 సవరణ తర్వాత జరిమానా 25,000 రూపాయలకు తగ్గదు. సంచిలో వేసుకుపోయినవాడికి ఈ సంగతి తెలిసి ఉండదనే నా అనుమానం.

ఒక్క జాగ్రత్త. ఇదే చట్టం మీకూ వర్తిస్తుంది. కుక్కలు తవ్వేస్తాయన్న జాలితో గుడ్లు మీరే తీసి బకెట్లో ఇసుక పోసి పెట్టకండి. వాటిని తీసి హేచరీలో, అంటే గుడ్లు పొదిగించే చోట, పెట్టడం అటవీశాఖ చేయాల్సిన పని, సీజన్లో మన తీరంలో వాళ్లే హేచరీలు పెడతారు. మీ పని దూరంగా నిలబడి ఫొటో తీయడం, టైము రాసుకోవడం, ఫారెస్టు వాళ్లకు ఫోన్ చేయడం. గుంత ఎక్కడుందో కాలనీ వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి. మీకంటే ముందు సంచివాడు చూస్తాడు.

కళ్లెదుట తవ్వుతుంటే 112కు కొట్టండి. కానీ రాతపూర్వక ఫిర్యాదు అటవీశాఖ రేంజ్ ఆఫీసర్‌కు, ఆయన పైఅధికారి డీఎఫ్‌ఓకు పెట్టండి. కారణం ఉంది. ఈ చట్టం కింద 55వ సెక్షన్ చెప్పిన అధికారులెవరైనా ఫిర్యాదు దాఖలు చేస్తేనే కోర్టు కేసు తీసుకుంటుంది, పోలీసు ఛార్జిషీటు ఒక్కటే సరిపోదు. అదే సెక్షన్లో మామూలు మనిషికి కూడా ఒక దారి ఉంది. మా వకీళ్లలోనే చాలామంది దాన్ని వాడరు. జరిగిన నేరం ఇది, నేనే కోర్టులో ఫిర్యాదు వేయబోతున్నాను అని ప్రభుత్వానికి గానీ అధీకృత అధికారికి గానీ 60 రోజుల ముందు నోటీసు ఇస్తే, ఆ గడువు దాటాక మీరే స్వయంగా మెజిస్ట్రేట్ కోర్టులో కేసు వేయొచ్చు. నోటీసుకు 1995 నిబంధనల్లో ఒక ఫారం కూడా ఉంది. అంతదాకా వెళ్లమని నేననను. కానీ ఆ నోటీసు బల్ల మీదికి వచ్చాక ఏ అధికారీ ఫైలును అడుగున పెట్టడు. 60 రోజుల తర్వాత కోర్టులో "మీరేం చేశారు?" అన్న ప్రశ్న తన మీదికే వస్తుందని ఆయనకు తెలుసు.

ఇక గెడ్డ. ఇక్కడ మొదటి పని ఫొటో కాదు, సర్వే నంబరు. ఆ నేల ప్రైవేటు పట్టానా, గెడ్డ పోరంబోకా (గెడ్డగా రాసివున్న ప్రభుత్వ భూమా), రిజర్వు ఫారెస్టా, అభయారణ్యమా తేలాలి. కంబాలకొండ 2002లో అభయారణ్యమైంది, దాదాపు 71 చదరపు కిలోమీటర్లు. దాని హద్దు లోపల గానీ, హద్దును ఆనుకుని గానీ పూడుస్తుంటే వన్యప్రాణి చట్టంలోని 29వ సెక్షన్ మీకు బలం. అభయారణ్యంలోకి వచ్చే నీళ్లనైనా, బయటికి పోయే నీళ్లనైనా అనుమతి లేకుండా మళ్లించకూడదు, ఆపకూడదు అని అందులో స్పష్టంగా ఉంది. అప్పుడు అర్జీ ఫారెస్టుకే.

హద్దు బయట గెడ్డ పోరంబోకు అయితే తహశీల్దారు చూసుకోవాలి. 1905 భూ ఆక్రమణల చట్టం ప్రకారం నోటీసిచ్చి ఆక్రమణదారుని ఖాళీ చేయించే అధికారం ఆయనకుంది. మీ వార్డు సచివాలయంలో అడిగితే సర్వే నంబరు చెబుతారు. అడంగల్ (రెవెన్యూ వాళ్ల భూమి రికార్డు) చూడండి, అయితే దాంతో ఆగకండి. మన జిల్లాలో చాలా ఊళ్లు ఒకప్పటి ఎస్టేటు గ్రామాలు, అంటే జమీందార్ల కింద ఉన్నవి. అసలు వర్గీకరణ, ఎస్టేట్లు పోయాక సెటిల్‌మెంట్ చేసినప్పుడు రాసిన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్‌లో ఉంటుంది. పక్కన ఎఫ్‌ఎంబి స్కెచ్ (సర్వే కొలతల పటం) పెట్టుకుంటే గెడ్డ వెడల్పు ఎంతో గీతల్లో కనిపిస్తుంది. ఇప్పటి అడంగల్‌లో పట్టాగా మారి, పాత ఫెయిర్ అడంగల్‌లో గెడ్డగానే ఉంటే, మీ చేతికి దొరికింది అసలైన ఆధారం. ఉమ్మడి భూముల్ని, చెరువుల్ని ఆక్రమించినవాళ్లను ఖాళీ చేయించాలని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. ఎన్నో ఏళ్లుగా ఉన్నామన్నా, బోలెడు ఖర్చుపెట్టామన్నా అది హక్కు కాదని అందులోనే ఉంది. మీ అర్జీలో ఈ ఒక్క తీర్పు చాలు, పది తీర్పులు రాసి పేజీలు నింపొద్దు.

ఈ కాగితాలు ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు 30 రోజుల గడువు. అందరూ చేసే తప్పు ఒకటుంది: "ఎందుకు చర్య తీసుకోలేదు?" అని అడుగుతారు. దానికి జవాబు రాదు, రానక్కర్లేదు కూడా. కాగితం అడగండి. ఇలా: "సర్వే నంబరు ఫలానా భూమికి సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ నకలు, ఎఫ్‌ఎంబి నకలు, ఫలానా తేదీన నేనిచ్చిన అర్జీ మీద నేటివరకు రాసిన నోట్ ఫైలు నకలు ఇప్పించగలరు." మూడో నకలు అడిగారని తెలిశాకే చాలా అర్జీల మీద మొదటి నోటు పడుతుంది.

అర్జీ ఎప్పుడూ రెండు ప్రతులు. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే పీజీఆర్‌ఎస్‌లో, అంటే ప్రజా ఫిర్యాదుల కార్యక్రమంలో, ఇస్తే రసీదు నంబరు వస్తుంది. పదేళ్ల కిందట నేనే ఒక ఆఫీసులో, గుమాస్తా తెలిసినవాడే కదా అని ముద్ర అడక్కుండా కాగితం ఇచ్చి వచ్చాను. మూడు నెలలకు వెళ్తే "అలాంటి అర్జీ మాకు రాలేదండీ" అన్నారు. నల్లకోటు వేసుకున్నవాణ్ణి, నోరు మూసుకుని మళ్లీ రాసిచ్చాను.

దేనికీ కదలకపోతే పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్. మనకు చెన్నై బెంచి. నష్టపరిహారం అడగకపోతే ఫీజు 1,000 రూపాయలు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. రెండు మెలికలు గుర్తుంచుకోండి. వ్యవహారం మొదలైన 6 నెలల్లోపు వెళ్లాలి. తగిన కారణం చూపితే ఇంకో 60 రోజులు, ఆ తర్వాత తలుపు మూసుకుంటుంది. అందుకే మొదటి లారీ చూసిన తేదీ ఇవాళే రాసిపెట్టుకోండి. రెండోది, ట్రిబ్యునల్ పరిధిలోని చట్టాల జాబితాలో వన్యప్రాణి చట్టం లేదు. కాబట్టి గెడ్డకు పనికొస్తుంది, గుడ్ల దొంగకు పనికిరాదు. హైకోర్టులో ఇంకెవరైనా ఇదే విషయం మీద కేసు వేశారేమో కూడా కనుక్కోండి. రుషికొండ తవ్వకాల వ్యవహారంలో 2022లో సుప్రీంకోర్టు, ట్రిబ్యునల్లోనూ హైకోర్టులోనూ కేసు నడుస్తుంటే హైకోర్టు మాటే చెల్లుతుందని చెప్పింది.

మీ భయం గురించి. అది ఉత్త భయమని కొట్టిపారేయను, మట్టి లారీల వెనక ఉండేవాళ్లు మెత్తనివాళ్లు కారు. రాత్రిపూట లారీలకు అడ్డం పడొద్దు. డాబా మీది నుంచి నంబరు ప్లేటు కనబడేలా వీడియో తీస్తే చాలు. ఆ వీడియో తీసిన ఫోన్‌లోనే ఉంచండి, రేపు కోర్టులో ఆ వీడియోను సాక్ష్యంగా పెట్టడానికి భారతీయ సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ సర్టిఫికెట్ ఇవ్వాలి, దానికి అసలుదే కావాలి. సమాచారం రహస్యంగా ఇస్తున్నాననీ, నా పేరు బయటపెట్టవద్దనీ అర్జీలో ఒక వాక్యం రాయండి. అలా సమాచారం ఇచ్చినవారు ఎవరో తెలిసే వివరాలు ఇవ్వకుండా ఉండేందుకు సమాచార హక్కు చట్టంలోనే మినహాయింపు, 8(1)(జి), ఉంది. ఒంటరిగా కాకుండా కాలనీ సంఘం లెటర్‌హెడ్ మీద పది సంతకాలతో ఇస్తే ఇంకా మేలు. సదుద్దేశంతో అధికారికి ఇచ్చిన ఫిర్యాదు పరువునష్టం కిందికి రాదు. ఫేస్‌బుక్‌లో ఫలానాయన కబ్జాకోరు అని రాస్తే మాత్రం ఆ రక్షణ దొరకదు.

అన్నట్టు, మీ కాలనీలో ఎవరింట్లోనైనా పంజరంలో రామచిలుక గానీ, అదృష్టమని పెంచుకునే నక్షత్ర తాబేలు గానీ ఉందా? రెండూ రక్షిత జాతులే, పెంచుకోవడం నేరం. ఫారెస్టు వాళ్లు మీ అర్జీ మీద విచారణకు వచ్చేలోపు ఆ ఇంటివాళ్లతో మాట్లాడి వాటిని అటవీశాఖకు అప్పగించేలా చూడండి. అర్జీ మీద సంతకం పెట్టినవారి వసారాలోనే చిలుక పలికితే బాగుండదు.

ముందుగా సర్వే నంబరు కనుక్కుని, ఫెయిర్ అడంగల్ నకలుకు దరఖాస్తు పెట్టండి. అవి చేతికొచ్చాక మళ్లీ రాయండి, అర్జీ ముసాయిదా నేను చూసిపెడతాను.