అడవి నేల మీద ఎంత ఇంధనం ఉందో తూకం వేయకుండా చెప్పగలమా?

పైన్, ఫర్ అడవుల్లో కింద పడి ఉండి కార్చిచ్చుకు ఇంధనమయ్యే కలప హెక్టారుకు ఎన్ని టన్నులో కంటిచూపుతో చెప్పొచ్చా అని అడిగారు. కంటిచూపును నమ్మకండి, పెద్ద దుంగలే కళ్లకు ఆనతాయి. కొన్నేళ్లుగా ఈ సర్వేలు చేస్తున్నాను, మేం టేపునే నమ్ముకుంటాం.

నేల మీద టేపును తిన్నగా లాగి, దాని కిందుగా పోయే ప్రతి దుంగ వ్యాసాన్ని అది టేపును దాటిన చోటే కొలవండి. దుంగ పొడవుతో పని లేదు. కెనడా అటవీ పరిశోధకుడు వాన్ వాగ్నర్ 1968లో ఇచ్చిన సూత్రం ప్రకారం, సెంటీమీటర్లలో ఉన్న వ్యాసాల వర్గాలను కూడి, 1.234తో గుణించి, టేపు పొడవు ఎన్ని మీటర్లో దానితో భాగిస్తే హెక్టారుకు ఎన్ని ఘనపు మీటర్లో వస్తుంది. 20 మీటర్ల టేపుకు 10, 15, 20 సెంటీమీటర్ల దుంగలు తగిలితే దాదాపు 45. ఘనపు మీటరు కలప 400 కిలోలనుకుంటే 18 టన్నులు. గాలివానకు చెట్లు ఒకే వైపు కూలి ఉంటాయి కాబట్టి టేపును వేర్వేరు దిక్కుల్లో పరచాలి. కుళ్లిన దుంగలు తేలిక, వాటిని విడిగా రాసుకోండి.

అయితే మొత్తం టన్నులు ఒక్కటే చెబితే ఎవరికీ ఉపయోగం లేదు. మంటను ముందుకు నడిపేది 0.6 సెంటీమీటర్లలోపు చితుకులూ ఎండిన ఆకులూ. ఇవి గంటలోనే గాలిలోని పొడిదనాన్ని పట్టేస్తాయి. 7.6 సెంటీమీటర్లు దాటిన దుంగలకు వెయ్యి గంటలు, అంటే నలభై రోజుల పైనే లెక్క. అందుకే సైజుల వారీగా రాయాలి. చితుకులు వందల్లో ఉంటాయి, టేపులో ఒకటి రెండు మీటర్ల మేర లెక్కపెడితే చాలు.

చాలామంది వదిలేసేది డఫ్, అంటే రాలిన ఆకుల కింద సగం కుళ్లి మట్టి మీద పేరుకున్న పొర. కత్తితో నిలువుగా కోసి చూడండి. పైన విడివిడిగా సూదుల్లాంటి ఆకులు, వాటి కింద తెల్లటి బూజు దారాలు అల్లుకున్న గోధుమరంగు ముక్కలు, ఆ కింద చేతివేళ్లకు నల్లగా అంటుకునే పొర. ఇసుక గరుకు తగిలిందంటే అసలు మట్టి వచ్చినట్టే, అక్కడికి కొలత ఆపండి. చాలాకాలంగా నిప్పు తగలని అడవిలో పెద్ద చెట్ల మొదళ్ల చుట్టూ ఈ పొర దిబ్బలా పేరుకుంటుంది. మంట దాటిపోయాక కూడా అది గంటల తరబడి రాజుకుంటూ వేళ్లనూ బెరడు లోపలి పొరనూ ఉడికించి చెట్టును చంపేస్తుంది. ఆ చోట లోతును టేపు సగటులో కలపకుండా, దయచేసి విడిగా రాయండి.